అమెరికా కౌంటీల ఓట్ల లెక్కకు ఎమ్ఐటీ ఉచిత ఫైలు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది

అమెరికాలో ఒక పల్లె కౌంటీ (మన జిల్లా లాంటిది) ఏ పార్టీ వైపు ఉందో అంకెల్లో చూడాలంటే ముందుగా దించుకోవాల్సింది ఎమ్ఐటీ ఎలక్షన్ డేటా అండ్ సైన్స్ ల్యాబ్ వాళ్ల కౌంటీ ఫలితాల ఫైలు. హార్వర్డ్ డేటావర్స్ అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో ఉచితంగా దొరుకుతుంది. 2000 నుంచి జరిగిన అధ్యక్ష ఎన్నికలు ఒకే సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు), 70 వేలకు పైగా వరుసల్లో ఉంటాయి. మన ఎన్నికల్లో బూత్‌లవారీ ఫలితాలిచ్చే ఫారం-20 పీడీఎఫ్‌లతో కుస్తీ పట్టినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పైగా మన జిల్లాల్లా కౌంటీల హద్దులు తరచూ మారవు కాబట్టి, పాతికేళ్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అయిదుకు నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో తెలియకుండా దీన్ని వాడితే మాత్రం తప్పుడు నిర్ధారణకు వస్తారు.

కెంటకీలోని ఎలియట్ కౌంటీతో పరీక్షించి చూడండి. ఫైలులో ఆ కౌంటీని గుర్తించే కోడ్ 21063, 2020 జనాభా లెక్కల్లో 7,354 మంది. 1869లో ఏర్పడిన ఈ కౌంటీ 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్‌కే ఓటేసింది. ఫైలు తెరిస్తే ఆ కోట కూలిన తీరు కళ్లకు కడుతుంది. 2004లో డెమోక్రాట్ అభ్యర్థి జాన్ కెర్రీకి 70 శాతం దాకా వచ్చాయి, 2008లో ఒబామాకు 61. 2012లో ఒబామా ఆధిక్యం రెండున్నర శాతానికి పడిపోయింది. 2016లో ట్రంప్‌కు 70, 2020లో దాదాపు 75. అయోవాలోని హోవార్డ్ కౌంటీ (కోడ్ 19089) ఇంకా వింత: 2012లో ఒబామాకు, 2016లో ట్రంప్‌కు 20 శాతానికి మించిన ఆధిక్యం ఇచ్చిన కౌంటీ దేశం మొత్తంలో ఇదొక్కటే.

లెక్క సులువే. రిపబ్లికన్ ఓట్లలోంచి డెమోక్రాట్ ఓట్లు తీసేసి, మొత్తం పోలైన ఓట్లతో భాగించి వందతో హెచ్చించాలి. పొరపాటు జరిగేది 2020 దగ్గర. జార్జియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాలకు మొత్తం ఓట్ల వరుస ఉండదు. పోలింగ్ రోజు ఓట్లు, ముందస్తు ఓట్లు, పోస్టల్ ఓట్లు వేర్వేరు వరుసల్లో ఉంటాయి. ఆ ఏడాది పోస్టల్ బ్యాలెట్‌ను డెమోక్రాట్లు ఎక్కువగా వాడారు. అందుకే ఒక్క పోస్టల్ వరుసే పట్టుకుంటే గట్టి రిపబ్లికన్ కౌంటీలో కూడా పోటీ హోరాహోరీగా జరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి ముందు ఓటు ఏ పద్ధతిలో పడిందో చెప్పే ‘మోడ్’ కాలమ్ చూసి, అభ్యర్థివారీగా అన్ని వరుసలూ కూడాలి. ‘టోటల్ ఓట్స్’ కాలమ్‌ను మాత్రం కూడకూడదు. అదే అంకె ప్రతి వరుసలోనూ ఉంటుంది కాబట్టి, కూడితే భాజకం నాలుగైదు రెట్లు పెరిగిపోతుంది.

కౌంటీ కోడ్ అయిదంకెలది. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అలబామా, అర్కాన్సా లాంటి రాష్ట్రాల కోడ్‌లలో ముందున్న సున్నా ఎగిరిపోయి 01001 కాస్తా 1001 అవుతుంది, కౌంటీల మ్యాపు ఫైలులోని కోడ్‌తో జతపడదు. డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుంటూ ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. సౌత్ డకోటాలోని షానన్ కౌంటీ పేరు 2015లో ఓగ్లాలా లకోటాగా మారింది, దాంతోపాటు కోడ్ 46113 నుంచి 46102 అయింది. జతపరిచే ముందు రెండు కోడ్‌లూ ఒకటిగా సరిచేసుకోవాలి. లేకుంటే దేశంలోనే అత్యంత గట్టి డెమోక్రాట్ పల్లె కౌంటీల్లో ఒకటి చప్పుడు లేకుండా లెక్కలోంచి జారిపోతుంది. అలాస్కాలో అసలు కౌంటీలే లేవు. దాన్ని పక్కన పెట్టడమే మేలు.

అసలు లోటు ఇవేవీ కాదు. ఇందులో ఉన్నవి అధ్యక్ష ఎన్నికలు మాత్రమే. ఇదొక్కటే చూస్తే ఎలియట్ కౌంటీ 2016తో పూర్తిగా రిపబ్లికన్ అయిపోయిందనిపిస్తుంది. అదే కౌంటీ 2019 గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ ఆండీ బెషీర్‌ను గెలిపించింది. అక్కడ ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు కూడా రాసుకుంటారు; 2016 నాటికి కూడా నమోదైన ఓటర్లలో అత్యధికులు డెమోక్రాట్లే. కెంటకీలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో (ప్రైమరీలో) ఏ పార్టీలో నమోదైతే ఆ పార్టీకే ఓటేయాలి. పార్టీ మారాలంటే ముందు ఏడాది డిసెంబర్ 31 లోపే మారాలి. స్థానిక పదవుల పోటీ డెమోక్రాట్ ప్రైమరీలోనే తేలిపోయే చోట, ట్రంప్‌కు ఓటేసేవాళ్లకు కూడా పాత నమోదు వదులుకోవాల్సిన అవసరం కనిపించదు. కౌంటీ మొగ్గు మీద మాట్లాడాలనుకుంటే కెంటకీ ఎన్నికల బోర్డు ఇచ్చే కౌంటీవారీ నమోదు పట్టికనూ, గవర్నర్ ఫలితాలనూ ఈ ఫైలు పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

పోలింగ్ శాతం కట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎలియట్‌లో లిటిల్ శాండీ అనే రాష్ట్ర జైలు ఉంది. జనాభా లెక్కలు ఖైదీలను జైలున్న కౌంటీలోనే లెక్కిస్తాయి, కానీ శిక్ష అనుభవిస్తున్న ఖైదీలకు కెంటకీలో ఓటు లేదు. వయోజన జనాభాతో భాగిస్తే పోలింగ్ ఉన్నదానికంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. నమోదైన ఓటర్ల సంఖ్యతో భాగించండి.