జేఎస్‌పీ పేజీల్లో పాత స్క్రిప్టుల బెడద: నాలుగేళ్ల వాడకం తర్వాత

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కొందరు అడ్తిదారులు తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు) తీసే జేఎస్‌పీ (సర్వర్‌లో జావాతో వెబ్ పేజీలు తయారుచేసే పద్ధతి) అప్లికేషన్‌ను హనుమకొండ నుంచి నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మిర్చి సీజన్‌లో ఒక ఉదయం తరుగు లెక్కను సరిచేసి సర్వర్‌లో పెట్టిన పది నిమిషాలకే ఒక గుమస్తా ఫోన్ చేసి, “మార్చినమంటిరి గని సార్, ఈడ పాత లెక్కనే వస్తున్నది” అన్నాడు. పేజీని సర్వర్ నుంచి కొత్తగా తెప్పించేలా కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే సరిపోయింది గానీ, కాంటాల దగ్గర బస్తాలు వరుసకట్టి ఉండగా ప్రతి దుకాణానికీ ఆ మాట చెప్పడం అయ్యే పని కాదు.

ఆ లెక్క వేసేది బ్రౌజర్‌లో నడిచే స్క్రిప్టు ఫైలు. బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న దాని పాత ప్రతినే వాడుతోంది. మా టామ్‌క్యాట్ (జేఎస్‌పీని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) స్క్రిప్టు ఎప్పుడు మారిందో చెప్పేదే తప్ప, దాన్ని ఎంతకాలం దాచుకోవచ్చో చెప్పేది కాదు. అలాంటప్పుడు బ్రౌజర్ తానే అంచనా వేసుకుంటుంది. ఫైలు మారి 100 రోజులైతే అందులో పదో వంతు, అంటే సుమారు 10 రోజులు, సర్వర్‌ను అడగకుండానే పాత ప్రతిని వాడుకోవచ్చు. నేను జేఎస్‌పీ పైభాగంలో నో-క్యాష్ (సర్వర్‌ను అడగకుండా పాత ప్రతి వాడొద్దు), నో-స్టోర్ (అసలు దాచొద్దు) అని బ్రౌజర్‌కు చెప్పే హెడర్లు పెట్టి నిశ్చింతగా కూర్చున్నాను. స్క్రిప్టు వేరే రిక్వెస్టుగా వెళ్తుంది కనుక ఆ హెడర్లు పేజీకే వర్తిస్తాయని తెలుసుకోవడానికి, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, రెండు వారాలు పట్టింది.

తర్వాత స్క్రిప్టు చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి కరెంట్‌టైమ్‌మిల్లీస్ విలువను, అంటే ఆ క్షణపు సమయాన్ని మిల్లీసెకన్లలో, తగిలించాను. చిరునామా ప్రతిసారీ మారుతుంది కనుక బ్రౌజర్ దాన్ని కొత్త ఫైలుగానే చూస్తుంది. పాత లెక్క పోయింది, కాని పేజీ తెరిచిన ప్రతిసారీ స్క్రిప్టు మొత్తం మళ్లీ దిగుతుండడంతో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే షెడ్లలో తెర తెల్లగా నిలిచిపోయేది.

నిలిచింది మూడో పద్ధతి. అప్లికేషన్ మొదలైనప్పుడు సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ లిజనర్ (అప్లికేషన్ మొదలవగానే తనంతట నడిచే కోడ్) ఒక్కో స్క్రిప్టుకు ఎండీ5 విలువ (ఫైలులోని విషయాన్ని బట్టి వచ్చే వేలిముద్ర లాంటి సంకేతం) కట్టి అప్లికేషన్ స్కోప్‌లో, అంటే పేజీలన్నిటికీ అందే చోట, ఉంచుతుంది, జేఎస్‌పీ దాన్ని చిరునామాకు జోడిస్తుంది. ఫైలు మారితేనే చిరునామా మారుతుంది కనుక స్క్రిప్టుకు 31536000 సెకన్ల, అంటే ఏడాది గడువు ధైర్యంగా ఇవ్వవచ్చు. పేజీకి మాత్రం నో-క్యాష్ ఉండాల్సిందే, ఎందుకంటే పాత పేజీలో పాత చిరునామాయే ఉంటుంది. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి దాని 4.1 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు సిద్ధంగానే ఉంది.

రెండో సర్వర్ చేర్చాక మరో చిక్కు బయటపడింది. కొత్త చిరునామాతో వెళ్లిన రిక్వెస్టు ఇంకా మారని సర్వర్‌కు చేరింది. ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని అది పట్టించుకోదు కనుక పాత ఫైలే ఇచ్చింది, బ్రౌజర్ దాన్ని కొత్త చిరునామా కింద ఏడాదికి దాచుకుంది. ఇప్పుడు ఎండీ5 విలువను ఫైలు పేరులోనే కలుపుతున్నాను. ఆ పేరు లేని సర్వర్ 404 (ఫైలు దొరకలేదనే జవాబు) ఇస్తుందే గాని తప్పు లెక్క ఇవ్వదు. కొత్త స్క్రిప్టులను ముందు రెండు సర్వర్లలోనూ పెట్టి, ఆ తర్వాతే పేజీలు మారుస్తున్నాను.