ఈసుడు రోగమా, దొమ్మ రోగమా: పశువుల పని చేసేవాళ్లకు దేనితో ఎక్కువ జాగ్రత్త?

దొమ్మ, అదే ఆంత్రాక్స్, అంటే అందరికీ టెన్షనే. నిన్నటిదాకా బాగున్న పశువు ఉన్నట్టుండి చచ్చిపడుతుంది, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది. ఆ కళేబరాన్ని కోయనే కూడదు. మనిషికి చర్మం మీద నొప్పిలేని నల్లటి పుండు లేస్తుంది, త్వరగా యాంటీబయాటిక్స్ వాడితే తగ్గుతుంది.

నన్నడిగితే ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్ దగ్గరే ఎక్కువ మోసపోతాం. చూడి పశువు చివరి నెలల్లో ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతుంది, మాయ పడదు, దాన్ని ఒట్టి చేతులతో లాగేస్తారు, క్రిములు విపరీతంగా ఉండేది సరిగ్గా అందులోనే. తర్వాత ఆ లాగిన మనిషికి వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు. టైఫాయిడ్ అనుకుని నెలలు గడిచిపోతాయి. మందులు కనీసం 6 వారాలు వాడాలి. అందుకే జ్వరమొస్తే పశువుల పని చేస్తున్నామని డాక్టరుకు ముందే చెప్పండి, గ్లౌజులు లేకుండా మాయ ముట్టుకోకండి.