పది కుటుంబాల మధ్య పిల్లల్ని పెంచాలంటే: ఆరోవిల్లా, ఉమ్మడి పొలమా, ఒకే అపార్ట్‌మెంటా?

బెంగళూరులో మనవాళ్లు నాలుగు జంటలు కలిసినచోట, పిల్లలు చిన్నవాళ్లయితే, మాటలు ఎటు తిరిగినా చివరికి ఇక్కడికే వస్తాయి: "మనలాంటివాళ్లం ఓ పది కుటుంబాలు ఒకచోట ఉంటే ఎంత బావుంటుందో!" అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్న రెండు నెలలూ హాయి. ఆవిడ రైలెక్కగానే మళ్లీ డేకేర్, ఆయా, ఆఫీసు కాల్స్ మధ్య ఉరుకులు పరుగులు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకి ఆ అండ గుర్తుంటుంది, ఆ పెత్తనమూ గుర్తుంటుంది. అండ కావాలి, పెత్తనం వద్దు. వెతుకులాటంతా దీనికోసమే.

ఇక్కడున్నవాళ్లకి కనిపించే దారులు మూడు. పుదుచ్చేరి పక్కన, పలు దేశాలవాళ్లు కలిసి బతకడానికి కట్టుకున్న ఆరోవిల్‌లో చేరడం. బెంగళూరు బయట తళి, ఆనేకల్, కనకపుర వైపు కలిసి భూమి కొనడం. ఊళ్లోనే ఒకే అపార్ట్‌మెంట్‌లో దగ్గర దగ్గరగా ఇళ్లు అద్దెకి తీసుకుని వంటనీ పిల్లల బాధ్యతనీ పంచుకోవడం. పిల్లలకి పదేళ్లలోపైతే నా ఓటు మూడోదానికే. అలాగని మొదటి రెండూ తీసిపారేసేవి కావు.

ఆరోవిల్ 1968 ఫిబ్రవరి 28న మొదలైంది. 50,000 మంది కోసం గీసిన పట్టణంలో ఇప్పుడున్నది మూడు వేల పైచిలుకే. పిల్లలకి మాత్రం అంతకన్నా మంచి చోటు మన దేశంలో దొరకడం కష్టం. ఎర్రమట్టి దారుల్లో సైకిలు మీద బడికి వెళ్తారు. చుట్టూ మనుషులు నాటి పెంచిన అడవి. ఆటల్లో నాలుగైదు దేశాల పిల్లలు. లాస్ట్ స్కూల్‌లో పరీక్షలుండవు, సర్టిఫికెట్లుండవు; పరీక్ష రాస్తామనే పిల్లలకి ఫ్యూచర్ స్కూల్ ఉంది. మధ్యాహ్నం అందరూ కలిసి తినడానికి సోలార్ కిచెన్ ఉంది. దాని పైకప్పు మీదున్న 15 మీటర్ల సౌర పాత్ర ఎండ వేడితో ఆవిరి పుట్టించి వంటకి అందిస్తుంది. సైన్సు పాఠం అక్కడ వేరే చెప్పక్కర్లేదు!

చిక్కు డబ్బు దగ్గర. అక్కడి భూమీ ఇళ్లూ 1988 చట్టంతో ఏర్పడ్డ ఆరోవిల్ ఫౌండేషన్‌వి. ఇల్లు మన డబ్బుతో కట్టుకున్నా మన పేరున ఉండదు, వెళ్లిపోయే రోజున అమ్ముకోలేం. అక్కడి పనికి నెలనెలా ఇచ్చే భత్యం (మెయింటెనెన్స్ అంటారు) బెంగళూరు జీతంతో పోలిస్తే చాలా చిన్నది; ఇక్కడ ఫ్లాటు ఈఎంఐ నడుస్తుంటే అది కుదిరే పని కాదు. ఆదర్శం మీద కట్టిన ఊళ్లో తగాదాలుండవనుకుంటే అదీ పొరపాటే. 2021 డిసెంబరులో క్రౌన్ అనే వలయాకారపు రోడ్డు కోసం చెట్లు కొట్టినప్పుడు రేగిన గొడవ, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇంకోటి, మనకే పట్టే విషయం. ఆరోవిల్ భాషలు తమిళం, ఫ్రెంచి, సంస్కృతం, ఇంగ్లిషు. పిల్లల తెలుగు మన వంటింట్లో బతకాల్సిందే. అమ్మమ్మ, నాయనమ్మ వస్తే 300 కిలోమీటర్ల అవతల ఎవరితో మాట్లాడుతూ కూర్చుంటారు? భార్యాభర్తలిద్దరికీ ఆ జీవితం మీద నిజంగా మనసుండి, సొంత ఆస్తి మీద ఆశ లేకపోతే వెళ్లాల్సిందే. ఒకరి ఉత్సాహానికి ఇంకొకరు సరేనని తలూపితే వద్దు.

ఇక భూమి. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టంలో 79ఏ, 79బీ సెక్షన్లు ఎత్తేశాక రైతు కుటుంబంలో పుట్టనివాళ్లూ ఇక్కడ సాగుభూమి కొనగలుగుతున్నారు. అప్పటినుంచి ప్రతి ఆఫీసులోనూ ఒక పొలం వాట్సాప్ గ్రూపు. సరిహద్దు దాటి తమిళనాడులో హోసూరు, బాగలూరు, బేరిగ వైపు వెళ్తే ఊళ్లలో తెలుగు వినిపిస్తుంది. ఆరోవిల్‌లో దొరకనిది ఇక్కడ టీ కొట్టు దగ్గరే దొరుకుతుంది. కానీ తళి, డెంకణికోట పక్క ఏనుగులు పంటల మీద పడతాయి. గ్రూపులో ఏ మెసేజ్ చూసినా ఫెన్సింగ్, బోరు, మోటారు, వాచ్‌మన్ జీతం. పిల్లల మాట వచ్చేది ఎప్పుడో. నాకు తెలిసిన ఒక బృందంలో అందరూ శనివారం వెళ్లి ఆదివారం తిరిగొస్తున్నారు, ఎందుకంటే బడి ఇక్కడుంది. అంటే వాళ్లు కొన్నది ఊరు కాదు, వీకెండ్.

అసలు ప్రమాదం పత్రాల్లో ఉంది. పదిమంది పేర్ల మీద కలిపి రిజిస్టర్ చేసిన భూమిలో ఎవరి వాటా వాళ్లు అమ్ముకోవచ్చు, పంపకానికి దావా వేయొచ్చు. వాటాదారు పోతే వారసులొస్తారు, వాళ్లకి మన ఆశయాలతో పని లేదు. ఒకరు అమెరికా వెళ్తూ నా వాటా కొనేయండి అంటే మిగతావాళ్ల దగ్గర అంత డబ్బుండదు. బయటివాడికి అమ్మితే మన మధ్యలోకి ముక్కూ మొహం తెలియని మనిషి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. భూమిని ట్రస్టు పేరున పెడితే ఈ బాధ తప్పుతుంది. కాకపోతే పిల్లలకి రాసిచ్చే ఆస్తి అవుతుందన్న ఆశ వదులుకోవాలి. మనవాళ్లలో ఎంతమంది దానికి సిద్ధపడతారో నాకు అనుమానమే.

మూడోదానికి పేరు లేదు, బ్రోచరు లేదు. సర్జాపుర రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మేం అయిదు కుటుంబాలం ఇలాగే ఉంటున్నాం. ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. కలిసేది వారంలో కొన్ని రాత్రుల భోజనానికీ, బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవడానికీ. వంతు ఉన్న రోజు ఆ ఇంటి తలుపు ఏడింటికల్లా బార్లా తీసుంటుంది. గుమ్మంలో చెప్పుల గుట్ట. పెద్ద కుక్కర్లో పప్పు, పక్కన చిన్న గిన్నెలో కారం వేయకముందు తీసిపెట్టింది. ఒక పిల్లాడు బొటనవేలికి తగిలిన దెబ్బ పక్కింటి ఆంటీకి చూపిస్తుంటాడు. వాళ్లమ్మ ఇంకా కాల్‌లోనే ఉంది, వాడికి ఆ సంగతి పట్టనే పట్టదు. నాకు కావాల్సింది అదే. అందుకోసం ఎకరాలెందుకు?

గొడవలు లేవా అంటే ఉన్నాయి. మా మొదటి పెద్ద తగాదా ఫోన్ మీద. ఒక ఇంట్లో ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగదు, ఇంకో ఇంట్లో ఫోన్ నిషేధం. చివరికి ఏ ఇంట్లో తింటే ఆ ఇంటి పద్ధతి అనుకున్నాం. రెండోది, పక్కవాళ్ల పిల్లని ఎవరు మందలించొచ్చు? దెబ్బ తగిలే పనైతే ఎవరైనా అరవొచ్చు, మర్యాద సంగతైతే తల్లిదండ్రులకే చెప్పాలి. మూడోది ఇంకా తేలలేదు: రోటా కాగితం మీద భర్తల పేర్లు, పొయ్యి దగ్గర భార్యలు.

ఎంతవరకు పంచుకోవాలి అన్నది ముఖ్యం. ఇప్పటి ఇజ్రాయెల్‌లో 1910లో మొదలైన కిబుట్జ్‌లలో, అంటే ఆస్తీ పనీ ఉమ్మడిగా ఉండే ఊళ్లలో, చాలాచోట్ల పిల్లలు రాత్రిళ్లు కూడా అమ్మానాన్నల దగ్గర కాకుండా పిల్లల ఇళ్లలోనే పడుకునేవాళ్లు. 1990లు ముగిసేసరికి ఆ పద్ధతి దాదాపు పోయింది, పిల్లలు మా దగ్గరే పడుకోవాలని కన్నవాళ్లే పట్టుబట్టారు. డెన్మార్క్‌లో 1972లో కట్టిన సెట్టెడామెన్ అనే కాలనీలో ఎవరి ఇల్లు వాళ్లకి ఉంటూ, కలిసి వండుకోవడానికి ఒక ఉమ్మడి ఇల్లు ఉంది. ఆ నమూనా ఇప్పటికీ నడుస్తోంది. మా అయిదు వంటిళ్లు దానికే దగ్గర.

అద్దె ఇళ్ల బాధలు తక్కువేం కావు. ఓనరు అద్దె పెంచితే ఒక కుటుంబం జారిపోతుంది. 2024 ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ల కోసం పడ్డ టెన్షన్‌లో మేమంతా పొలం లింకులు చూసినవాళ్లమే. అయినా కుదరకపోతే ఇక్కడ పోయేది అడ్వాన్సులో కొంత కోత, ఓ నాలుగు రోజుల ముభావం. భూమి దగ్గర పోయేది పొదుపంతా, స్నేహంతో సహా. అందుకే పొలం కొనాలన్న కోరిక ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఎవరితో కొనాలనుకుంటున్నారో వాళ్లతో ముందు ఒక ఏడాది ఒకే కుక్కర్లో వండుకోండి. ఆ తర్వాత లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదట రాయించాల్సింది బయటికి వెళ్లే షరతు: వాటా ధర ఎవరు కడతారు, ఎన్నేళ్లలో చెల్లిస్తారు, వారసులకి ఏం దక్కుతుంది.

పిల్లలు ఎనిమిదో తరగతి దాటితే ఈ లెక్క మారుతుంది. ఓపెన్ స్కూల్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు, తెలుగు కూడా తీసుకోవచ్చు కాబట్టి ఎక్కడున్నా చదువు పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి ఇంటర్ కోచింగ్. మా అయిదు ఇళ్లలో ఇద్దరు ఇప్పటికే హైదరాబాద్ హాస్టళ్ల ఫీజులు కనుక్కుంటున్నారు.