మేపుల్ పేరుతో అంటగట్టారు: హైదరాబాద్‌లో మొక్కల వేట

హైదరాబాద్ శివార్లలోని ఒక నర్సరీలో మా అక్కను నిలువునా మోసం చేశారు. విజయవాడ నుంచి మొక్కల కోసమే వెళ్లేవారికి ఇది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

బస్సు, బస గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లక్డీకాపూల్ దగ్గర లాడ్జిలో రెండు గదులకు రోజుకు 3,400 రూపాయలు, శుభ్రంగా ఉన్నాయి.

అక్క కూతురు టొరంటోలో ఉంటుంది. ప్రతి శరదృతువులోనూ అది పంపే ఎర్రటి ఆకుల ఫొటోలు చూసి అక్కకు మేపుల్ మీద మోజు పుట్టింది. నర్సరీలో ఒక కుండీ చూపించి, "కాశ్మీర్ మేపుల్ అమ్మా, చలికాలం రాగానే ఎర్రబడుతుంది" అన్నారు. ధర 1,600. బిల్లు అడిగితే యంత్రం పాడైందన్నారు. "మే నెల ఎండకు కాశ్మీర్ చెట్టు బతుకుతుందా?" అని బావగారు అడిగితే సమాధానమే లేదు. అక్క ముఖంలో సంతోషం చూసి ఆయన ఇంకేమీ అనలేదు.

మర్నాడు కొండాపూర్ దగ్గరి బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాం. 274 ఎకరాలు, పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం నడవలేరు. అక్క బ్యాగులో ఆ మొక్క ఆకు ఒకటి ఉంది. అక్కడ పాదులు తవ్వుతున్న పెద్దాయన దాన్ని తిరగేసి, వేలితో రుద్ది చూపించారు. తెల్లటి నూగు పొడిలా వేలికంటింది. కాడ కూడా ఆకు అంచున కాకుండా కాస్త లోపలగా, అడుగు భాగానికి అతుక్కుని ఉంది. "ఇది కనకచంప కదమ్మా, పూలు రాత్రి విచ్చుకుని ఘుమఘుమలాడతాయి" అన్నారు. అరగంట విసుక్కోకుండా చెప్పిన ఆయన టీకి కూడా డబ్బు తీసుకోలేదు.

మేపుల్‌ను పోల్చుకోవడానికి ఆకు ఆకారాన్ని నమ్మకండి, కొమ్మను చూడండి. మేపుల్ ఆకులు జంటగా, ఎదురెదురుగా వస్తాయి. కనకచంపకు ఒకటి ఇటు, ఒకటి అటు. కాశ్మీర్ చినార్‌ను కూడా చాలామంది మేపుల్ అంటారు; దాని ఆకులూ ఎదురెదురుగా ఉండవు, కాయలు గుండ్రటి బంతుల్లా వేలాడతాయి. మేపుల్ కాయలు రెండు రెక్కలతో జతగా ఉండి, గిరగిరా తిరుగుతూ రాలతాయి. మన దేశపు మేపుల్స్ ప్రధానంగా హిమాలయాలవి. వాటిలో యాసెర్ ఆబ్లాంగమ్ పెద్ద చెట్టు ఆకులకైతే మేపుల్ అనగానే గుర్తొచ్చే పంజా ఆకారమే ఉండదు, కోలగా ఉంటాయి. ఎత్తైన కొండల్లోని చాలా రకాల విత్తనాలను తడి ఇసుకలో కలిపి నెలల తరబడి ఫ్రిజ్‌లో ఉంచితేనే మొలకెత్తుతాయి. మొలిచినా మన వేసవి వడగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి. ఇక్కడ ఎర్రటి ఆకుల కోసం డబ్బు పోయడం వద్దనే నా గట్టి సలహా.

తిరిగి నర్సరీకి వెళ్లాం, ఆటోకు 380. డబ్బు వెనక్కి ఇవ్వనన్నారు, కావాలంటే 500 రూపాయల క్రోటన్లు తీసుకోమన్నారు. బావగారు మండిపడ్డారు. అక్క మాత్రం కుండీ వదల్లేదు. అదే మొక్క దారిలో మరో చోట 120 రూపాయలే!

కనకచంప మంచి చెట్టే, మన దేశపుదే. కానీ చాలా ఎత్తుగా, వెడల్పుగా పెరుగుతుంది, కుండీకీ బాల్కనీకీ పనికిరాదు. అక్క దాన్ని గన్నవరం స్థలంలో, ప్రహరీకి దూరంగా నాటించింది.