సీవీటీ కారు మోత: కొన్నేళ్లు నడిపిన తరువాత నా సమీక్ష

విజయనగరంలో ఉంటూ కొన్నేళ్లుగా పెట్రోలు సీవీటీ కారు నడుపుతున్నాను. సీవీటీ అంటే మెట్లుమెట్లుగా గేర్లు మారకుండా, నిష్పత్తి నిరంతరంగా మారే ఆటోమేటిక్ గేరుబాక్సు. ఈ రకం కారు కొనదలచినవారు నన్ను మైలేజీ కంటే ముందు అడిగేది దాని మోత గురించే. "కారు అందుకోకముందే ఇంజిను అరుస్తుందట, నిజమేనా?" అంటారు. నిజమే. అయితే ఆ అరుపులో కారు స్వభావం ఎంత, రోగం ఎంత అన్నది విడదీసి చెప్పేవారు తక్కువ. నా కారులో రెండూ విన్నాను కనుక రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ కంపెనీ 1958లోనే రబ్బరు బెల్టుతో ఇలాంటి కారును ప్రదర్శించింది. నేటి కార్లలో ఎక్కువగా శంకువు ఆకారపు పుల్లీలు రెండు, వాటి నడుమ ఒక స్టీలు బెల్టు ఉంటాయి. పుల్లీ పళ్లేలు దగ్గరికో దూరానికో జరిగే కొద్దీ బెల్టు పైకీ కిందికీ జరిగి గేరు నిష్పత్తి, అంటే ఇంజిను ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఎన్ని తిరుగుతుందన్న లెక్క, మారుతుంది. మామూలు కారులో ఇంజిను శబ్దం పెరిగి, గేరు మారగానే తగ్గి, మళ్లీ పెరుగుతుంది. మన చెవి ఆ ఎగుడుదిగుడులకే అలవాటు పడింది. సీవీటీలో యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, ఇంజిను తనకు ఎక్కువ శక్తి వచ్చే ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యకు) ఒక్కసారిగా చేరి అక్కడే నిలుస్తుంది, కారు వేగం ఆ తరువాత నిదానంగా పుంజుకుంటుంది.

గంటస్తంభం దగ్గరి రద్దీలో ఈ కారు ఎంతో సుఖం. క్లచ్ బాధ లేదు, కుదుపు లేదు. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి 80 కిలోమీటర్ల వేగంలో నిలకడగా వెళితే ఆర్‌పీఎం చూపే ముల్లు 2,000 దరిదాపుల్లోనే ఉంటుంది. అసలు పరీక్ష సాలూరు దాటాక కోరాపుట్ వైపు ఎక్కే ఘాట్ రోడ్డులో ఎదురవుతుంది. ముందున్న లారీని దాటబోతే ముల్లు 4,000 దాటి అక్కడే నిలబడుతుంది, దాటేంతవరకూ మోత ఒకే శ్రుతిలో సాగుతుంది. వెనుక కూర్చున్న మా అమ్మ ప్రతిసారీ "బండికేటైందిరా బాబూ?" అంటుంది. పాదం కొంచెం తేలిక చేయగానే ఆ మోత దిగిపోతుంది కనుక అది రోగం కాదు. ఘాట్ దిగేటప్పుడు గేరు లివర్‌ను ఎల్ (లో గేరు) స్థానంలో పెట్టినా ఇంజిను గట్టిగానే మోగుతుంది. బ్రేకులు వేడెక్కకుండా కాపాడే ఆ మోతను నేను కోరి తెచ్చుకుంటాను.

రెండో శబ్దం శ్రీకాకుళం దారిలో మొదలైంది. దూరాన ఆడుతున్న పిండిమరలా, 50 కిలోమీటర్ల వేగం దాటగానే సన్నగా వినిపించి, వేగంతో పాటు పెరిగేది. సర్వీసు సెంటరులో "సీవీటీలన్నీ ఇంతేనండీ" అని పంపేశారు. ఆ జవాబు నన్ను నిజంగా బాధపెట్టింది, ఎందుకంటే యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీసి ముల్లు కిందికి దిగినా ఆ శబ్దం తగ్గేది కాదు. అంటే అది ఇంజిను ఆర్‌పీఎంతో కాక చక్రాల వేగంతో ముడిపడి ఉంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగును కొద్దిగా కుడికి తిప్పి, బరువు ఎడమ చక్రం మీద పడినప్పుడు హెచ్చేది, ఎడమకు తిప్పితే తగ్గేది. ఊళ్లోని మెకానిక్ కారును పైకి లేపి, ముందు ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పి, ఆ చక్రం దగ్గరి సస్పెన్షన్ స్ప్రింగు మీద నా వేళ్లు ఆనించమన్నాడు. లోపలి గరగర వేళ్లకు స్పష్టంగా తెలిసింది. హబ్ బేరింగు (చక్రం తిరిగేందుకు దాని నడుమ ఉండే బేరింగు) మార్చాక శబ్దం పూర్తిగా పోయింది.

చక్రాల బేరింగులన్నీ బాగున్నా అలాంటి శబ్దం వస్తుంటే గేరుబాక్సు లోపలి బేరింగులను, ఆయిల్‌ను చూపించుకోవాలి. స్టీలు బెల్టు పుల్లీ మీద జారకుండా పట్టు నిలవడానికి సీవీటీకి ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. మామూలు ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ దానికి బదులు కాదు. అందుకే ఆయిల్ మార్పించేటప్పుడు పక్కనే నిలబడి, డబ్బా మీది గ్రేడును కారు మాన్యువల్‌తో సరిచూసుకున్నాకే మూత తీయనిస్తున్నాను.