పామ్ గింజలు: కవర్లో మొలకెత్తిస్తే మేలా, నేరుగా కుండీలో వేస్తే మేలా?

ఏది తేలికో చూసి పద్ధతి ఎంచుకుంటారు చాలామంది. నన్నడిగితే, ముందు ఆ గింజ ఎలా మొలుస్తుందో చూడాలి.

కవర్ పద్ధతిలో కోకోపీట్‌ను (కొబ్బరి పీచు పొట్టు) తడిపి గట్టిగా పిండాలి. మళ్లీ పిండితే ఒకట్రెండు చుక్కలకు మించి రాకూడదు. గింజలు కలిపి జిప్‌లాక్ కవర్లో మూసేసి, ఎండ నేరుగా తగలని వెచ్చని చోట పెట్టాలి. 30 డిగ్రీలు, ఆపైన కాస్త ఉంటే మరీ మంచిది. తడి ఆరదు, ఏ గింజ కదిలిందో బయటికే కనిపిస్తుంది. ఒకే గెలలోని గింజలు కూడా వారాల తేడాతో, ఒక్కోసారి నెలల తేడాతో మొలుస్తాయి కాబట్టి, మొలిచినదాన్ని నాటుకుంటూ మిగతావి కవర్లోనే ఉంచొచ్చు. అరెకా పామ్‌కు ఇదే మేలు. దాని మొలక గింజను అంటిపెట్టుకునే చిన్న బొడిపెలా వస్తుంది, వేరూ ఆకూ అక్కడినుంచే. తీసి నాటడానికి ఇబ్బంది ఉండదు.

ఖర్జూరం, వాషింగ్టోనియా అనే పామ్ అలా కాదు. గింజలోంచి ముందు తెల్లటి కాడ ఒకటి వచ్చి కిందికి దిగుతుంది. తాటి తేగ దిగేదీ ఇలాగే. అసలు మొక్క పుట్టేది ఆ కాడ చివర, గింజకు దూరంగా. కవర్లో దానికి దారి దొరక్క వంకర్లు తిరుగుతుంది. విడదీసేటప్పుడు పుటుక్కుమందా, ఇక ఆ గింజ పోయినట్టే. అందుకే వీటిని లోతైన కుండీలో, ఇసుక కలిపిన మట్టిలో, గింజ కనిపించనంత మేర మాత్రం కప్పి వేయాలి. లోపల ఏమవుతోందో తెలియక టెన్షన్ ఉంటుంది, నిజమే. అయినా తవ్వి చూడకండి.

ఏ పద్ధతైనా గుజ్జు పూర్తిగా తీయాల్సిందే. అది బూజు పట్టిస్తుంది, మొలకనూ అడ్డుకుంటుంది. జీలుగ (ఫిష్‌టెయిల్ పామ్) పండ్ల గుజ్జులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చేతులు భరించలేనంత దురద పెడతాయి. గ్లవ్స్ వేసుకోండి. తర్వాత ఒకట్రెండు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి.

అరెకా గింజ తాజాగా ఉన్నప్పుడే వేయాలి, ఎండితే మొలిచే శక్తి తగ్గిపోతుంది. ఖర్జూరం మాత్రం మహా మొండిది. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన, దాదాపు 2000 ఏళ్లనాటి గింజను 2005లో నాటితే మొలిచింది!

గింజ ఏ రకమో తెలియకపోతే కుండీనే నమ్ముకోండి. ఒక్కో లోతు కుండీలో ఒక్కటే గింజ వేస్తే, తర్వాత వేళ్లు విడదీసే పని ఉండదు.