ఎరుపు, బంగారం కలిసే చోట: ఈస్ట్ బెంగాల్ పాత తరహా జెర్సీ

గత శీతాకాలంలో కోల్‌కతా వెళ్లినప్పుడు, మైదాన్ దగ్గర ఒక చిన్న దుకాణంలో ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బు పాత తరహా జెర్సీ ఒకటి 750 రూపాయలకు కొన్నాను. ఇది క్లబ్బు అమ్మే అధికారిక జెర్సీ కాదు. కాలరు, పొడుగు చేతులు ఉన్న నూలు చొక్కా. నిలువునా ఒక సగం ఎరుపు, మరొక సగం బంగారు రంగు. మూడు నెలలుగా వేసుకుంటున్నాను, అయిదారు సార్లు ఉతికాను కూడా. అందుకే దీని గురించి కొంత ధైర్యంగా చెప్పగలను.

ఈ చొక్కాను రంగును బట్టే తూచాలి, ఎందుకంటే ఆ క్లబ్బుకు రంగు దొరికిందే ఒక దుకాణంలో. 1920లో మోహన్ బగాన్‌తో ఆడవలసిన మ్యాచ్‌కు జోడాబగాన్ జట్టు తన ఆటగాడు శైలేశ్ బోస్‌ను పక్కన పెట్టినందుకు నొచ్చుకుని, జోడాబగాన్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికి వచ్చి, మరికొందరితో కలిసి ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్‌ను స్థాపించారు. జట్టుకు చొక్కాలు వెతుకుతూ చౌరంగీలోని వైట్‌అవే లెయిడ్‌లా దుకాణానికి వెళ్లిన పెద్దలకు అక్కడ వేలాడుతున్న ఎరుపు, బంగారు రంగుల చొక్కా కంటికి నచ్చిందని, దాని ధర 80 రూపాయలని క్లబ్బు అభిమానులు నేటికీ చెప్పుకుంటారు. ఆ భవనం ఇప్పుడు మెట్రోపాలిటన్ బిల్డింగ్ పేరుతో అక్కడే నిలిచి ఉంది. తరవాతి కాలంలో జెర్సీ మీద సగాలు చారలయ్యాయి, చారలు మళ్లీ సగాలయ్యాయి, ప్రాయోజకుల పేర్లు వచ్చి పోయాయి; ఆ రెండు రంగులు మాత్రం పోలేదు.

హైదరాబాదు వాడిగా నాకు ఈ రంగుల మీద మరో మమకారం ఉంది. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈ జట్టులో చేరి, 1961లో దానికి నాయకత్వం వహించారు. మన మహమ్మద్ హబీబ్ అయితే ఈ ఎరుపు బంగారాన్నీ, మోహన్ బగాన్ ఆకుపచ్చ మెరూన్‌నూ, మహమ్మదన్ స్పోర్టింగ్ నలుపు తెలుపులనూ, మూడింటినీ ధరించి ఆడినవారు. రంగు మారితే వీధుల్లో స్నేహాలే మారిపోయే ఆ నగరంలో మూడు జట్ల అభిమానుల చేతా మెప్పు పొందడం చిన్న విషయం కాదు.

ఇక చొక్కా సంగతి. రెండు రంగులు కలిసే నడిమి కుట్టు చాలా బాగుంది: మెడ కింది నుంచి అంచు దాకా ఎక్కడా వంకర పోలేదు, లోపలి వైపు అంచులను మడిచి రెండోసారి కుట్టారు కాబట్టి పోగులు లేవడం లేదు. ఛాతీ మీద కాగడాను అచ్చు వేయకుండా దారంతో కుట్టారు. వేలితో తడిమితే మంట కొసలు తెలుస్తాయి. క్లబ్బు చిహ్నానికి ఆ మాత్రం శ్రద్ధ చూపినందుకు కుట్టినవారిని మనసారా మెచ్చుకుంటున్నాను.

లోపమల్లా బంగారం దగ్గరే ఉంది. దుకాణంలో దీపపు వెలుగులో ముద్దబంతి పువ్వులా కనిపించిన సగం, బయటికి తెచ్చేసరికి నిమ్మపండు పసుపుగా తేలింది. పైగా మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి, కుట్టు పక్కన అంగుళం మేర, చంక కింద ఇంకొంచెం, పసుపు మీదికి పాకింది. అప్పటి నుంచి చల్లటి ఉప్పు నీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి నీడన ఆరవేస్తున్నాను; మరక పోలేదు గాని పెరగలేదు. ఏ రెండు రంగుల కోసం ఈ చొక్కా కొంటామో, వాటిలో ఒకటి తప్పి రెండోది దిగిపోతే కుట్టు ఎంత బాగున్నా నా మనసు ఒప్పుకోవడం లేదు.

భుజాల దగ్గర బిగువు కాబట్టి మీ కొలత కంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. డబ్బు ఇచ్చే ముందు చొక్కాను దుకాణం గుమ్మం దాకా తెచ్చి, బంగారు సగాన్ని ఎండలో చూడండి. తడి చేతిరుమాలుతో ఎరుపును ఒకసారి రుద్ది, రుమాలుకు రంగు అంటకపోతేనే కొనండి.